హడ్ ఇల్లు చౌకగా వస్తే కొనవచ్చా?

అమెరికా ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ (హడ్) అమ్మే ఇళ్లు మార్కెట్ ధర కన్నా తక్కువకు దొరుకుతాయట, కొని బాగు చేయించుకుంటే లాభమేనా అని అడిగారు. ఒహాయోలో అలాంటి ఇంటిని కొని ఏడేళ్లుగా అందులోనే కాపురం ఉంటున్నవాడిగా చెబుతున్నాను: ధర చూసి మురిసిపోయే ముందు బేస్‌మెంట్‌లోకి దిగి పైపులు చూడండి, అదీ ఒక్కసారి కాదు.

ఎఫ్‌హెచ్ఏ (ఇంటి అప్పులకు బీమా ఇచ్చే హడ్ విభాగం) బీమా ఉన్న అప్పును ఎవరో తీర్చలేకపోగా హడ్ చేతికి వచ్చిన ఇల్లు అది. చలికి పైపులు పగలకుండా నీళ్లన్నీ తీసేసి, కమోడ్‌లో గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోసి, ప్రతి సింకు మీదా వాడవద్దని స్టిక్కర్లు అంటించారు. మా ఇన్‌స్పెక్టర్ చేసిన పరీక్షలో పైపులు బాగానే ఉన్నాయని తేలడంతో నిశ్చింతగా ఉన్నాము. తాళాలు చేతికొచ్చి, నీటి శాఖవారు వీధిలో కనెక్షన్ తెరిచి వెళ్లాక, నా భార్య వంటింట్లో కుళాయి తిప్పి నిలబడగా నేను కింద మెయిన్ వాల్వు తెరిచాను. కుళాయిలో చుక్క రాలేదు గాని నా నెత్తిన వాన కురిసింది. సీలింగు పలక తొలగించి చూస్తే రాగి పైపు బారెడు మేర మాయమై ఉంది. కోసిన అంచు ఇంకా నిగనిగలాడుతోంది. మేము పరీక్ష చేయించి వెళ్లిన తరువాతనే ఎవరో రంపం పట్టుకొని వచ్చారన్నమాట. ఉన్నది ఉన్నట్టుగా అమ్మే ఇల్లు కనుక ఆ ఖర్చు మాదే.

మరమ్మతుల ఖర్చును కూడా ఇంటి అప్పులోనే కలిపి ఇచ్చే 203కె రుణం ఉన్నమాట నిజమే. అయితే పని జరిగినట్టు తనిఖీ అయ్యాకనే డబ్బు విడతలుగా విడుదలవుతుంది కాబట్టి, దాని పేరు వినగానే ముఖం చాటేసే కాంట్రాక్టర్లే ఎక్కువ. పైగా 1978కి ముందు కట్టిన ఇల్లయితే పాత రంగులో సీసం ఉండవచ్చు, డబ్బిచ్చి గోడలు గీకించాలంటే అందుకు ధ్రువీకరణ ఉన్నవారినే పిలవాలి. వారం రోజుల్లో ఇల్లు మెరిపించే వీడియోలలో ఈ సంగతులేవీ కనిపించవు.

మనవాళ్ల విందులలో ఇంకో ఉచిత సలహా వినిపిస్తుంది: అందులోనే ఉండబోయేవారికి ముందుగా బిడ్ వేసే అవకాశం ఇస్తారు కనుక, సొంతానికని సంతకం చేసి, ముందు వరుసలో బిడ్ వేసి, ఆనక అద్దెకు ఇచ్చేయమంటారు. కనీసం పన్నెండు నెలలు అక్కడే నివసిస్తామని రాసిచ్చి తప్పితే అది ఫెడరల్ నేరం. ఉండదలచుకుంటేనే కొనండి.

కొంటే మాత్రం, సంతకాల రోజు ఉదయం టార్చిలైటు పట్టుకొని మళ్లీ బేస్‌మెంట్‌లోకి దిగండి. ఆ రోజు మేము నేరుగా సంతకాలకే వెళ్లాము.