లాంగ్ రూట్ లారీలో నడపడం కన్నా వెయిటింగే కష్టం

మీ తమ్ముడు లాంగ్ రూట్ లారీ మీద డ్రైవర్‌గా చేరతానంటున్నాడని, రోజు ఎలా గడుస్తుందో, తట్టుకోగలడో లేదో చెప్పమని అడిగారు. ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. ఇంట్లోవాళ్లంతా స్టీరింగ్ గురించే భయపడతారు గానీ, బండి నడపడం కొన్నాళ్లకు చేతికి వచ్చేస్తుంది. ఎన్నేళ్లయినా అలవాటు కానిది వెయిటింగ్.

పొద్దున ఆరింటికి లోడింగ్ అని చెబుతారు. ఆరింటికే గేటు దగ్గర ఉంటాం, అప్పటికే ముందు లారీల వరుస ఉంటుంది. కాగితాలు లోపల ఇచ్చి పిలుపు కోసం కూర్చోవాలి. పోనీ ఆ టైములో పడుకుందామా అంటే వరుస కదిలినప్పుడల్లా బండి కాస్త ముందుకు జరపాలి, జరపకపోతే వెనక నుంచి హారన్లు, లేదంటే పక్క నుంచి ఎవరో ఒకరు దూరిపోతారు. ఒంటికి పని ఉండదు, కంటికి నిద్ర ఉండదు. ఎప్పుడో మధ్యాహ్నం దాటాక లోడు ఎక్కితే, కాటా వేయించి, టార్పాలిన్ కప్పి, తాళ్లు బిగించి బయటపడేసరికి చీకటి పడుతుంది. సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, రేపు ఫలానా టైముకి అన్‌లోడింగ్ దగ్గర ఉండాలి అని. పగలంతా వాళ్ల గేటు ముందు పోయిన గంటల్ని రాత్రి రోడ్డు మీద మనం పూడ్చాలి. డ్రైవర్ నిద్రపోయి ప్రమాదం జరిగిందని అందరూ అంటారు, ఆ నిద్ర ఎక్కడ పోయిందో ఎవరూ అడగరు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగాల్సిందే. అమెరికాలో వరుసగా 10 గంటలు విశ్రాంతి తీసుకున్న సరుకు లారీ డ్రైవర్ ఆ తర్వాత 11 గంటలకు మించి నడపకూడదు, ఆ నడపడం కూడా డ్యూటీ ఎక్కిన 14 గంటల్లోపే అయిపోవాలి. మామూలుగా గోడౌన్ ముందు నిలబడ్డ సమయం కూడా ఆ 14లోనే కరిగిపోతుంది. మన దేశంలో 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అనేది. కాగితం మీద ఎంత బాగున్నా, ట్రిప్పుకో కిలోమీటరుకో లెక్కగట్టి డబ్బులిచ్చే చోట ఆగి ఉన్న గంటకు విలువ ఉండదు, అందుకే డ్రైవర్ తన నిద్రను తానే కోసుకుంటాడు.

ఇక రాత్రి. పదింటికో పదకొండింటికో వచ్చే నిద్రను ఆపుకోవచ్చు, ఏమీ కాదు. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య వచ్చేది వేరు. కళ్లు తెరిచే ఉంటాయి, కానీ దాటొచ్చిన బోర్డు మీద ఏముందో గుర్తుండదు. లైను మీదికి చక్రం ఎక్కిన శబ్దానికి ఉలిక్కిపడతాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు రెప్ప వాలితే బండి దాదాపు 67 మీటర్లు దానంతట అది పోతుంది. కిటికీ తెరవడం, పాటలు పెంచడం, మొహం కడుక్కోవడం, ఇవన్నీ కాసేపే. బండిని రోడ్డు మీద నుంచి పూర్తిగా పక్కకు తీసి, పార్కింగ్ ఉన్నచోట ఆపి, కాఫీ తాగి వెంటనే ఇరవై నిమిషాలు పడుకుంటే పని చేస్తుంది, ఎందుకంటే కాఫీ ప్రభావం మొదలవడానికీ దాదాపు అంతే సమయం పడుతుంది. లేవగానే స్టీరింగ్ పట్టకూడదు, మత్తు వదిలేదాకా బండి చుట్టూ ఓ రెండుసార్లు తిరగాలి.

ఆ తిరగడం ఎలాగూ మన పనే. ఇనుప రాడ్‌తో ఒక్కో టైరూ కొట్టుకుంటూ పోతాం. గాలి సరిగా ఉన్న టైరు ఖణేల్మని రాడ్‌ని వెనక్కి ఎగరేస్తుంది, తగ్గిన టైరు దబ్‌మని రాడ్‌ని మింగేస్తుంది. జంట టైర్లలో లోపలిది చాలా ముఖ్యం. అది దిగిపోయినా బయటిది మోస్తుంది కాబట్టి చూడ్డానికి బండి బాగానే కనిపిస్తుంది, కానీ బరువంతా ఒక్కదాని మీద పడి వేడెక్కి, పేలడమో మంటలు రావడమో జరగొచ్చు. చక్రం మధ్యలో ఉండే హబ్ దగ్గర చెయ్యి అడ్డం పెడితే, తాకక్కర్లేదు, మిగతా వాటికన్నా ఎక్కువ సెగ తగిలితే అక్కడ బ్రేకో బేరింగో పట్టేస్తోందని అర్థం. కొత్తవాళ్లు ఫోన్ టార్చి వేసి ఓ చూపు చూసి ఎక్కేస్తారు. మీ తమ్ముడికి మాత్రం మొదటి రోజు నుంచే ఇది అలవాటు చేయించండి.

ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేసి డీజిల్ మిగుల్చుకోవచ్చని ఎవరైనా నేర్పితే వినొద్దని చెప్పండి. దిగుడు మొదలవకముందే చిన్న గేరులో పడాలి, ఇంజనే బండిని పట్టుకోవాలి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే డ్రమ్ములు కాలి వాసన వస్తుంది, ఆ తర్వాత ఎంత తొక్కినా బండి ఆగదు.

శరీరం సంగతికొస్తే నడుము, మోకాళ్లు ముందు చెబుతాయి. క్యాబిన్ నుంచి దూకకుండా, రెండు చేతులూ ఒక కాలూ ఆనించి బండివైపు తిరిగి దిగితే మోకాళ్లు కొన్నేళ్లు ఎక్కువ నిలుస్తాయి. టాయిలెట్ దొరకదని నీళ్లు మానేయడం చాలామంది చేస్తారు, అది కిడ్నీల్లో రాళ్లకు దారి. ఎండ మరొకటి. 28 ఏళ్లు సరుకు బండి నడిపిన ఒకాయన ఫోటో 2012లో ఒక పేరున్న అమెరికన్ వైద్య పత్రికలో వచ్చింది, మొహంలో కిటికీ వైపు సగం మాత్రమే ముడతలు పడి వేలాడుతోంది. అద్దం మూసి ఉన్నా ఒక రకం అతినీలలోహిత కిరణాలు లోపలికి వస్తాయి. అందుకే నేను కిటికీ వైపు చేతికి పొడుగు చేతుల చొక్కా లేకుండా పగలు నడపను.

ఒంటరితనం ఉంటుంది, దాచడం ఎందుకు. పిల్లల జ్వరాలూ బంధువుల పెళ్లిళ్లూ ఫోన్లోనే తెలుస్తాయి. మీరు ఇంటి నుంచి చేయగలిగింది ఒకటుంది. బండి నడుస్తుండగా ఫోన్ చేయకండి, చేసినా తియ్యలేదని కంగారు పడకండి, ఆగినప్పుడు తనే చేస్తాడు. ఆ ఫోన్‌లో "ఎక్కడున్నావ్, ఎప్పుడొస్తావ్" అని కాకుండా "ఎన్ని గంటలు పడుకున్నావ్" అని అడగండి.

చేరే ముందు ఓనర్‌ని అడగాల్సినవి కూడా చెబుతా. రెండో డ్రైవర్ ఉంటాడా, లోడింగ్ దగ్గర రోజంతా ఆగితే దానికి డబ్బు కడతారా, నిద్ర వస్తోందని ఆపితే లేటుకి జీతం కోస్తారా. మూడో ప్రశ్నకు తడుముకునే ఓనర్ దగ్గర, జీతం ఎంత ఎక్కువ చెప్పినా సరే, మీ తమ్ముణ్ని చేరనివ్వకండి.