బ్లాకు పెంచుడా, పైన పొర వేసుడా

హన్మకొండ

బిడ్డా,

బిట్‌కాయిన్ సామర్థ్యం మీద వాదనకు కూర్చుంటున్నవని తెలిసింది: బ్లాకు, అంటే లావాదేవీల మూట, సైజు పెంచాల్నా, లేక బ్లాకుల గొలుసు పైన ఇంకో పొర వేసి లావాదేవీలు అక్కడ నడపాల్నా అని. సెకనుకు ఎన్ని లావాదేవీలు అన్న మాటతో మొదలుపెట్టకు. ఆ అంకె ఎవరైనా పెంచి చూపిస్తరు. భారం ఎవరి మీద పడుతది, అమలు ఎట్ల చేస్తరు అని అడుగు.

ముందు లెక్క కాగితం మీద వెయ్యి. బ్లాకుకు పాత హద్దు 1 ఎంబీ, సుమారు పది నిమిషాలకో బ్లాకు. లావాదేవీ 500 బైట్లయితే బ్లాకుకు 2,000 పడుతయి, అంటే సెకనుకు మూడు చిల్లర. 250 బైట్లయితే ఏడుకు దగ్గర. లావాదేవీ సైజు ఎంత పట్టుకోవాలో ముందే ఒప్పుకోకపోతే గంటసేపు కొట్లాడినా తేలదు.

బ్లాకు పెంచుదామనేవాళ్లకు మన ఎనుమాముల మార్కెట్ గుర్తుచెయ్యి. మిర్చి సీజన్‌ల గేటు వెడల్పు చేస్తే బండ్లు లోపలికొస్తయి, కాంటాలు మాత్రం అన్నే. ఇక్కడ ఇంకా కష్టం: ప్రతి నోడు (లావాదేవీలు సరిచూసే కంప్యూటర్) ప్రతి బస్తాను మళ్లీ తూచాల్సిందే. 8 ఎంబీ బ్లాకులు రోజుకు 144 చొప్పున ఏడాదికి 420 జీబీ. డిస్కు చవకే. కొత్త నోడు మొదటి బ్లాకు నుంచి అన్నీ సరిచూసుకోవాలె, అదీ బరువు. పెద్ద బ్లాకు ఆలస్యంగ అందే మైనర్‌కు (కొత్త బ్లాకులు తయారుచేసేటోనికి) నష్టం. చాలామంది మరిచేది ఇంకోటుంది: పాత సంతకాల పద్ధతిల ఒకే లావాదేవీల ఇన్‌పుట్లు (ఖర్చుపెట్టే పాత జమలు) రెట్టింపైతే హాషింగ్ పని, అంటే సంతకాలు సరిచూసేటప్పటి లెక్కల పని, నాలుగింతలైతది. ఒక్కో లావాదేవీకి హద్దు పెట్టకుండా బ్లాకు ఒక్కటే పెంచే ప్రతిపాదనకు తల ఊపకు.

సెగ్‌విట్ (సంతకాలను విడిగా పెట్టిన బిట్‌కాయిన్ మార్పు) తన ఇన్‌పుట్లకు ఆ చిక్కు తీసింది. 2017 ఆగస్టు 24న 4,81,824వ బ్లాకు దగ్గర అమలైంది. బ్లాకుకు 40 లక్షల బరువు యూనిట్లు, సంతకాల భాగంల బైటుకు 1, మిగతా బైటుకు 4. "ఇప్పుడు 4 ఎంబీ బ్లాకు" అని ఎవరన్నా అంటే అక్కడే ఆపు, మామూలు లావాదేవీలతో 2 ఎంబీ చుట్టుపక్కలే ఆగుతది. అదీ వాలెట్లు (పైసలు పంపే యాప్‌లు) సెగ్‌విట్‌కు మారితేనే.

లైట్నింగ్, అంటే ఆ పైన వేసే పొర, పేరు చెప్పంగనే మురవకు. అందుల ఇద్దరు ఛానెల్ తెరిచి, గొలుసు మీద రాయకుండనే పైసలు ఇచ్చిపుచ్చుకుంటరు. కాని ఛానెల్ తెరవాలన్నా మూయాలన్నా గొలుసు మీద చోటు కావాలె. బ్లాకుకు 2,000 లెక్కన ఏడాదికి పదిన్నర కోట్ల లావాదేవీలే. పది కోట్ల మంది తలా ఒక ఛానెల్ తెరిస్తేనే ఏడాది నిండుతది. పైసలు అందుకోవాలంటే ఛానెల్‌ల అవతలివైపు నిల్వ ఉండాలె. పాత లెక్క చూపి ఛానెల్ మూసే మోసగాణ్ని కనిపెట్టుకుంట ఉండాలె.

ఎక్కువ టైం అమలుకు ఉంచు. 2017 ఆగస్టు 1న బిట్‌కాయిన్ క్యాష్ 8 ఎంబీతో విడిపోయింది, అది తెలిసి చేసిన చీలిక. తెలియకుండ వచ్చేది ఇంకా చెడ్డది. బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ 0.8 వెర్షన్‌ల డేటాబేసు మార్చిన్రు. 2013 మార్చిల ఆ వెర్షన్ ఒప్పుకున్న ఒక పెద్ద బ్లాకు పాత నోడ్లకు మింగుడుపడక గొలుసు కొన్ని గంటలు రెండైంది. నిబంధన మార్చాలని ఎవరూ అనుకోలేదు. మైనర్లు 0.7కు వెనక్కి పోయి సర్దిన్రు. అందుకే పాత వెర్షన్ల మీద పరీక్ష చేసిన్రా అని తప్పక అడుగు.

మార్పుకు సిద్ధమని మైనర్లు తమ బ్లాకులల్ల ఇచ్చే సంకేతం ఎంత శాతం కావాలన్నది కూడా తేల్చుకో. సెగ్‌విట్‌కు మొదట పెట్టింది 2,016 బ్లాకులల్ల 95 శాతం. గీత అంత పైన గీస్తే చిన్న గుంపు కూడా ఆపగలుగుతది, దించితే చీలిక భయం. 2021ల ట్యాప్‌రూట్ అనే తర్వాతి మార్పుకు 90కి దించిన్రు. నీ గీత ఎక్కడో, ఎందుకో రాసుకొనే పో.

నీ పెద్దబాపు