ఇటలీ దర్శకుడు సెర్జో లియోనే కౌబాయ్ సినిమాలన్నీ చూసేశాను, తర్వాత ఎవరివి?

సెర్జో సొల్లీమావి. ఇటలీ కౌబాయ్ సినిమాలకు దర్శకులుగా ముగ్గురు సెర్జోలు: లియోనే, కొర్బూచి, ఈయన. మూడో ఆయన్ని తలచుకునేవాళ్లు తక్కువ. తీసిన కౌబాయ్ సినిమాలు మూడే, అవీ 1966-68 మధ్య. దానికి తోడు జనం చూసేది చాలావరకు పాడుచేసిన కాపీలు.

ముందు ‘ది బిగ్ గన్‌డౌన్’ (1966). మొదలుపెట్టే ముందు నిడివి చూడండి. ఇటాలియన్ కూర్పు దాదాపు 110 నిమిషాలు. 95 లేదా ఇంకా తక్కువుంటే అది అమెరికా కోసం కోసింది. పన్నెండేళ్ల పిల్లను చంపాడన్న నింద పడ్డ కుచీయో (తోమస్ మిలియన్) వెంట నేరగాళ్లను వేటాడే కార్బెట్ (లీ వాన్ క్లీఫ్) పడతాడు. వేటగాడికి అనుమానం మెల్లమెల్లగా పుట్టాలి. కోత పడితే ఆ మెల్లదనం పోయి ఉత్త తరుముడు మిగులుతుంది.

ఫ్రేము కూడా చూసుకోండి. ఇది టెక్నిస్కోప్ అనే వెడల్పు తెర పద్ధతిలో తీసింది, వెడల్పు ఎత్తుల కొలత 2.35:1. పాత టీవీ సైజుకు కోసిన కాపీలో 40 శాతం పైగా బొమ్మ పోతుంది, ఎదురెదురు నిలబడ్డ ఇద్దరిలో ఒకడి ముక్కు మాత్రమే దక్కుతుంది. గరుకుగా ఉంటే మాత్రం ప్రింటును తిట్టకండి. టెక్నిస్కోప్‌లో ఒక్కో ఫ్రేముకు ఫిల్ము అంచున ఉండే రంధ్రాలు నాలుగు బదులు రెండే, నెగెటివ్ సగమే.

పెదాలకు మాట కలవదు, ఏ భాషలో చూసినా అంతే. అక్కడ అప్పట్లో మాటలు తర్వాత డబ్ చేసేవారు. నా మట్టుకు కౌబాయ్‌లు ఇటాలియన్‌లో, ఈయన తర్వాత తీసిన క్రైం సినిమాలు ఇంగ్లీషులో బాగుంటాయి. వాటి హీరోలు చార్లెస్ బ్రాన్సన్, ఆలివర్ రీడ్ సొంత గొంతులు ఇంగ్లీషులోనే ఉన్నాయి.

అన్నిటికన్నా గట్టిది ‘ఫేస్ టు ఫేస్’ (1967). జబ్బుపడ్డ చరిత్ర ప్రొఫెసర్ (వొలొంటే) బందిపోటు (మిలియన్) చేతికి చిక్కుతాడు. పోనుపోను బందిపోటుకు మనస్సాక్షి మేలుకుంటుంది, చదువుకున్నాయన మాత్రం హింసకు సిద్ధాంతం అల్లుతాడు. తుపాకీ కన్నా ఆ వాదనే భయపెడుతుంది. ‘రన్, మ్యాన్, రన్’ (1968)లో కుచీయో మళ్లీ వస్తాడు. సరదాగా ఉంటుంది, చివరకు పెట్టుకోండి.

అన్నట్టు, 1976లో మన కబీర్ బేడీని ఇటలీలో ఇంటింటి హీరోను చేసిన టీవీ ‘సాందోకాన్’ కూడా ఈయనదే.

క్రైంలో ‘వయొలెంట్ సిటీ’ (1970) మొదట్లో మాటల్లేకుండా సాగే కార్ల వెంటాట చూడండి. ‘రివాల్వర్’ (1973) ఇంకా చేదు: భార్యను ఎత్తుకుపోయినవాళ్లు జైలు అధికారిని ఒక ఖైదీని వదలమంటారు. రెండిటికీ సంగీతం ఎన్నియో మొరికోనే. పేర్లు మార్చి అమ్మారు కాబట్టి వెతికేటప్పుడు మొదటిదానికి ‘ది ఫ్యామిలీ’, రెండోదానికి ‘బ్లడ్ ఇన్ ది స్ట్రీట్స్’ అని కూడా కొట్టండి.