డీఆర్‌ఎస్ కోసం యాంటీవైరస్ ఆపేశారా?

ప్రశ్న: కంప్యూటర్‌లో ఫార్ములా వన్ ఆటను అప్‌డేట్ చేశాక డీఆర్‌ఎస్ (ముందు కారును దాటేందుకు వెనుక వింగ్‌ను తెరిచే ఏర్పాటు) కనిపించడం లేదు. పాత బటన్ నొక్కితే నా కారుతో పాటు ముందు కారు వింగ్ కూడా తెరుచుకుంటోంది, దాటడం కుదరడం లేదు. పాత డీఆర్‌ఎస్‌ను తిరిగి తెచ్చే మోడ్ (ఆటను మార్చే బయటివారి ఫైలు) ఒకటి చాటింగ్ గ్రూపులో దొరికితే, యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేశాను. ఏమీ మారలేదు. నాన్నగారి రొయ్యల చెరువుల లెక్కలు, బ్యాంకు పనులు కూడా ఈ కంప్యూటర్‌లోనే జరుగుతాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ముందు ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసివేసి, మిగిలినది తరువాత చదవండి. రాజోలు నుంచి, నరసాపురం నుంచి కూడా ఇదే ఫిర్యాదు వచ్చింది. ముగ్గురూ వింగ్ గురించి వివరంగా రాసి, యాంటీవైరస్ సంగతిని చివర ఒక్క వాక్యంలో తేల్చేశారు.

ఆటలో లోపమేమీ లేదు. 2011లో వచ్చిన డీఆర్‌ఎస్ (అంపైరు తీర్పును ప్రశ్నించే క్రికెట్ డీఆర్‌ఎస్ కాదు) వెనుక వింగ్‌లోని పలకను తెరిచి గాలి నిరోధాన్ని తగ్గించేది. రేసులో ముందు కారుకు సెకను లోపు దూరంలో ఉన్నవారికే ఆ వెసులుబాటు దక్కేది. 2026 నిబంధనలు దానిని తొలగించి, ముందు, వెనుక వింగ్‌లు రెండూ కదిలే ఏర్పాటును తెచ్చాయి. నిర్ణయించిన తిన్నని దారులలో వాటిని ఎవరైనా తెరవవచ్చు కనుక ముందున్నవాడూ తెరుస్తాడు. సెకను లోపు ఉన్నవారికి ఇప్పుడు దక్కేది అదనపు విద్యుత్ శక్తి. విద్యుత్ మోటారు సామర్థ్యం 120 కిలోవాట్ల నుంచి 350కి పెరిగినందువల్ల, బ్యాటరీని దాచుకుని సరైన చోట వాడినవాడే దాటగలడు. ఆటలో దానికి వేరే బటన్ ఉంటుంది, కంట్రోల్స్‌లో చూసుకోండి.

ఆటలో మీరు కారుకు చేసుకున్న పాత సెటప్‌లు (సర్దుబాట్లు) కూడా అక్కరకు రావు. వంతెన ఖానాల దగ్గర కాలువ ఇరుకై నీరు వడిగా సాగేటప్పుడు మట్టం కాస్త కిందికి దిగడం మన ప్రాంతంలో అందరూ చూసినదే. అలాగే కారు అడుగున ఇరుకు దారిలో గాలి వేగం పెరిగి పీడనం తగ్గినప్పుడు కారు నేలకు అతుక్కుంటుంది. చదునైన అడుగును తప్పనిసరి చేసి 1983లో అడ్డుకున్న ఈ ఉపాయాన్ని 2022లో మళ్లీ అనుమతించారు, ఇప్పుడు మళ్లీ బాగా తగ్గించారు. కారును నేలకు ఆనించినంత కిందికి దించి సస్పెన్షన్ బిగించే పద్ధతి అందుకే మునుపటి ఫలితం ఇవ్వదు. పైగా కారు వెడల్పు 2000 మిల్లీమీటర్ల నుంచి 1900కి తగ్గింది.

ఈ నిబంధనల స్వరూపాన్ని 2024 జూన్‌లోనే ప్రకటించారు. బటన్ అర్థం మారిందని తెర మీద రెండు వాక్యాలు చూపే ఓపిక ఆట తయారుచేసినవారికి ఎందుకు లేకపోయిందో నాకు అర్థం కాదు. ఆ రెండు వాక్యాలు ఉంటే మీరు మోడ్ కోసం వెతికేవారే కాదు. అలాగని మీ తప్పును వారి ఖాతాలో వేయలేను.

యాంటీవైరస్ ఆపమని అడిగే ఫైలు తానేమిటో తానే చెప్పుకుంటోంది. ఇన్‌స్టాల్ అయినా ఆటలో ఏమీ మారలేదంటే, అది మరో పని మీద వచ్చిందని అనుమానించాలి. ఇటువంటివి చాలావరకు బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లనే కాక, మీరు లాగిన్ అయి ఉన్నారని వెబ్‌సైట్‌కు గుర్తుచేసే కుకీలను కూడా ఎత్తుకుపోతాయి. ఆ కుకీ చేతిలో ఉంటే మీ మెయిల్‌లోకి పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ లేకుండానే ప్రవేశించవచ్చు; మెయిల్ చిక్కితే మిగిలిన ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చుకోవడం దొంగలకు కష్టం కాదు. మోడ్‌ను తొలగించి, యాంటీవైరస్‌ను తిరిగి ఆన్ చేస్తే సరిపోతుందని అనుకోకండి.

పాస్‌వర్డ్‌లను వేరే ఫోన్ నుంచి మార్చండి, మెయిల్‌తో మొదలుపెట్టి అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయండి. చెరువుల లెక్కల ఫైళ్లను మాత్రమే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, విండోస్‌ను పూర్తిగా తుడిచి కొత్తగా వేయించండి. ఆ తరువాత ఆటకు అడ్మిన్ అధికారం లేని వేరే యూజర్ ఖాతా పెట్టుకోండి. డబ్బు పోయినట్లు కనిపిస్తే వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి. నాన్నగారికి ఈ రోజే చెప్పండి. బ్యాంకుతో మాట్లాడవలసిన ఖాతాదారు ఆయనే.