బీర పిందెలు రాలుతున్నాయా? వేళ మార్చి చూడండి

అన్నగారూ, ఫాల్గుణపు ఎండ ముదరకముందే కలుపు తీసి, పాదులకు నీళ్లు పెట్టి, ఉదయం 7 గంటలకు బీరపూలకు చేత్తో పుప్పొడి అద్దుతున్నా పిందెలు పసుపుబారి రాలుతున్నాయని రాశారు. మీ కష్టంలో లోపం లేదు, వేళే తప్పింది. గుమ్మడి, దోస పూలు ఉదయం విచ్చుకుంటాయి. బీరపూలు పొద్దువాలాక విచ్చుకుంటాయి. ఆ వేళ గుత్తిలోంచి మగపువ్వు కోసి, రేకులు తుంచి, వేలితో తాకండి. పసుపు రంగు పుప్పొడి అంటితే, కింద సన్నని పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో ఆ మగపువ్వును మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. పూలు విచ్చుకునే వేళ పురుగుమందు మాత్రం దయచేసి కొట్టకండి, తేనెటీగలు చస్తాయి. రాలిన పిందెను ఒకసారి చీల్చి చూడండి. లోపల తెల్లని పురుగులుంటే అది పండు ఈగ పని. అలాంటివన్నీ ఏరి లోతుగా పూడ్చేయండి.