మెడికల్ షాపుకి ఇన్వర్టరా, జనరేటరా? ముందు ఫ్రిజ్ సంగతి చూడండి

నర్సీపట్నం దగ్గర మెడికల్ షాపు తెరుస్తున్నామనీ, అక్కడ కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదనీ, ఇన్వర్టర్ తీసుకోవాలో జనరేటర్ తీసుకోవాలో చెప్పమనీ అడిగారు. నేను విశాఖలో చాలాకాలంగా మందుల షాపు నడుపుతున్నానండీ. నన్నడిగితే ఆ రెండూ తర్వాతి సంగతి. మన వ్యాపారంలో కరెంటు లేక నిజంగా పాడయ్యేది ఫ్రిజ్‌లో సరుకొక్కటే. చీకట్లో బేరం పోతే రేపు చేసుకోవచ్చు. ఇన్సులిన్ పాడైతే పారబోసుకోవాల్సిందే.

ఇన్సులిన్, టీటీ, కుక్కకాటు వ్యాక్సిన్, కొన్ని కంటి చుక్కల మందులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడెక్కితే చెడుతుందని అందరికీ తెలుసు. గడ్డకట్టినా ఇన్సులిన్ పనికిరాదన్నది మాత్రం షాపు కుర్రాళ్లకి పదిసార్లు చెప్పాలి. కరెంటు పోగానే కంగారుపడి ఐస్ గడ్డలు తెచ్చి ఇన్సులిన్ డబ్బాల మీద పెట్టేస్తారు. కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది కూడా. ఐస్ ప్యాక్ పెట్టాలంటే ముందు దాన్ని బయట ఉంచి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాక, మధ్యలో అట్టముక్క అడ్డంపెట్టి పెట్టాలి.

అందుకని మీ మొదటి ఖర్చు ఇన్వర్టర్ మీద కాదు, ఒక డిజిటల్ థర్మామీటర్ మీద. వైరు లోపలికి, డిస్‌ప్లే బయటికి ఉండి, కనిష్ఠం, గరిష్ఠం గుర్తుపెట్టుకునేది కొనండి. రాత్రి షట్టర్ వేశాక కరెంటు ఎంతసేపు పోయిందో మీకు ఎవరూ చెప్పరు, పొద్దున్నే ఆ గరిష్ఠం అంకె చెబుతుంది. రెండోది, ఫ్రిజ్‌లో కింద ఖాళీ జాగా అంతా నీళ్ల సీసాలతో నింపేయండి. చల్లబడిన నీళ్లు ఉన్నంతసేపు లోపల వేడి తొందరగా ఎక్కదు. మూడోది, లోపల ఏ మందు ఎన్ని ఉన్నాయో ఒక కాగితం మీద రాసి తలుపుకి అంటించండి. మా షాపులో ఆ కాగితం పెన్సిల్‌తో రాసి ఉంటుంది, అమ్మినప్పుడల్లా కొట్టేసి దిద్దుతాం. "మిక్స్‌టార్డ్ (ఒక రకం ఇన్సులిన్) ఉందా?" అని అడిగినవాళ్లకి తలుపు తీయకుండానే జవాబు చెప్పొచ్చు. కరెంటు లేనప్పుడు తలుపు తెరిచిన ప్రతిసారీ పోయే చల్లదనం తక్కువేం కాదు.

ఇక మీ ఫ్రిజ్ కరెంటు లేకుండా ఎంతసేపు ఆగుతుందో ఏ సేల్స్‌మనూ చెప్పలేడు. మీరే చూసుకోవాలి. షాపు తెరవకముందే, మందులు ఇంకా రాకముందే, నీళ్ల సీసాలు పెట్టి బాగా చల్లబడ్డాక స్విచ్ ఆపేసి అరగంటకోసారి అంకె రాసుకోండి. 8 ఎప్పుడు దాటిందో అదే మీ గడువు. ఈ పని ఎండాకాలం మధ్యాహ్నం చేస్తేనే అసలు లెక్క తెలుస్తుంది. డిసెంబరులో చేసి మురిసిపోవద్దు.

ఇప్పుడు ఇన్వర్టర్. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్-అవర్లు, కరెంటు బిల్లు లెక్కలో 1.8 యూనిట్లు. ఇన్వర్టర్‌లో కొంత పోతుంది, బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు. అన్నీ పోను చేతికొచ్చేది 1.2 యూనిట్లనుకోండి. 200 లీటర్ల మామూలు ఫ్రిజ్ కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి రోజంతా కలిపి ఒక యూనిట్‌కి అటూ ఇటూగా తింటుంది. అంటే ఫ్రిజ్ ఒక్కటే వేస్తే ఒక బ్యాటరీతో దాదాపు రోజు గడుస్తుంది. అదే దాని మీద రెండు సీలింగ్ ఫ్యాన్లు, ట్యూబులైట్లు, కంప్యూటర్, బయట గ్లో సైన్ బోర్డు కలిపి 400 వాట్లు వేశారంటే మూడు గంటలకే చేతులెత్తేస్తుంది. ఎలక్ట్రీషియన్‌తో ముందే చెప్పి ఇన్వర్టర్ లైను వేరుగా లాగించండి: ఫ్రిజ్, ఒక ఎల్ఈడీ లైటు, బిల్లింగ్ కంప్యూటర్, వైఫై రౌటర్. బోర్డు, ఫ్యాన్లు ఆ లైను మీద వద్దు. చెమట పడితే విసనకర్ర ఉంది.

ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌దే, అంటే మెయిన్ లైను కరెంటులాంటిదే ఇచ్చేది తీసుకోండి. చవకగా దొరికే స్క్వేర్ వేవ్ వాటి మీద కంప్రెసర్ గుర్రుమంటుంది, వేడెక్కుతుంది. ఫ్రిజ్ స్టార్టయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి 900 వీఏకి (ఇన్వర్టర్ ఎంత బరువు మోయగలదో చెప్పే కొలత) తక్కువ వద్దు. ట్యూబులర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మట్టం రెండు మూడు నెలలకోసారి చూడాలి. బోరు నీళ్లు పోసి ప్లేట్లు నాశనం చేసుకున్న షాపులు మా బజార్లోనే ఉన్నాయి.

కరెంటు పోవడం కన్నా తిరిగి వచ్చేటప్పుడే నష్టం ఎక్కువ. వచ్చి, పోయి, మళ్లీ వచ్చి, ఒక్కోసారి ఓల్టేజ్ ఎగిరిపడుతుంది. ఫ్రిజ్‌కి టైమ్ డిలే ఉన్న స్టెబిలైజర్ తప్పనిసరి. అది మూడు నిమిషాలు ఆగి గానీ ఫ్రిజ్‌కి కరెంటు ఇవ్వదు.

మీ వైపు కోతల్లో చాలావరకు గంటా రెండు గంటలవి. లైన్‌మన్‌లు చెట్ల కొమ్మలు కొట్టడానికి ఎల్.సి. (పని కోసం లైను ఆపించుకునే అనుమతి) తీసుకుంటారు, గాలివానకి ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) ట్రిప్ అవుతుంది. మీ ఏరియా లైన్‌మన్ నంబరు, సబ్‌స్టేషన్ నంబరు ఫోన్‌లో పెట్టుకోండి. 1912కి ఫిర్యాదు చేసినా, ఎల్.సి.నా ఫాల్టా అన్న ఒక్క మాట లైన్‌మన్ దగ్గరే త్వరగా తెలుస్తుంది. ఆ మాటని బట్టే ఐస్ పెట్టె తీయాలా వద్దా అన్నది తేల్చుకుంటాం.

తుఫాను లెక్క వేరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది. స్తంభాలు విరిగిపడి రోజుల తరబడి కరెంటు లేదు. సెల్ టవర్లు పడుకున్నాయి, ఏటీఎంలు మూతపడ్డాయి, పెట్రోల్ బంకుల ముందు క్యూలు. జనరేటర్ ఉన్నవాడికీ ఆయిల్ దొరకలేదు. మా షాపుకి వచ్చిన వాళ్లలో ఎక్కువమంది మందు కొనడానికి కాదు, ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోయింది, ఈ ఇన్సులిన్ వాడొచ్చా అని అడగడానికి వచ్చారు. వాడకం మొదలుపెట్టిన ఇన్సులిన్ చాలా రకాలు 30 డిగ్రీల లోపు అయితే దాదాపు నాలుగు వారాలు బయట ఉన్నా ఫర్వాలేదు. డబ్బాలోని కాగితం మీద కచ్చితంగా రాసి ఉంటుంది, అది చూసి చెప్పాలి. తెరవని వాటికి కుండ ఉపాయం చెప్పాం: తడి ఇసుకలో చిన్న మట్టికుండ కూర్చోబెట్టి, ఇన్సులిన్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి లోపలపెట్టి, పైన తడిగుడ్డ. ఫ్రిజ్‌కి సాటి కాదు, కానీ గది వేడి కన్నా చాలా నయం.

ఆ తర్వాత నగరంలో కొంతమేర కేబుళ్లు భూమి లోపలికి వెళ్లాయి. మీకు ఇంకా స్తంభాలు, చెట్లే అనుకుంటాను. తుఫాను హెచ్చరిక రాగానే ఇన్సులిన్ ఆర్డరు సగానికి తగ్గించండి, చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి, బిల్లు పుస్తకం, షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్ (డాక్టరు చీటీ మీదే అమ్మే కొన్ని మందుల వివరాలు రాసే పుస్తకం) కాగితం మీద రాయడానికి సిద్ధంగా పెట్టుకోండి. ఆసుపత్రిలోగానీ ఐస్ ఫ్యాక్టరీలోగానీ జనరేటర్ ఉంటే, అవసరమైనప్పుడు వాళ్ల ఫ్రిజ్‌లో ఒక అర ఇవ్వమని ఇప్పుడే మాట్లాడుకోండి. నీళ్లు మోకాలి దాకా వచ్చాక అడిగితే కుదరదు.

ఇదంతా అయ్యాక కూడా జనరేటర్ కావాలనిపిస్తే చిన్న పెట్రోల్‌ది చాలు. గంటకి లీటరు దాకా తాగుతుంది. షట్టర్ దించి లోపల నడపొద్దు, ఆ పొగ ప్రాణాలు తీస్తుంది. జనరేటర్ వైరుని ప్లగ్గులో గుచ్చి షాపంతా వెలిగించేవాళ్లు ఉన్నారు. ఆ కరెంటు బయటి లైనులోకి ఎక్కితే స్తంభం మీదున్న లైన్‌మన్ పోతాడు. చేంజోవర్ స్విచ్ (జనరేటర్ వేసినప్పుడు బయటి లైనుని విడదీసేది) లేకుండా కనెక్షన్ ఇస్తానన్న ఎలక్ట్రీషియన్‌ని గుమ్మం దగ్గరే పంపేయండి. నెలకోసారి పది నిమిషాలు నడపకపోతే అవసరానికి తాడు ఎంత లాగినా స్టార్టవదు.

మీ ఫ్రిజ్ ఎన్ని లీటర్లదో, వెనక స్టిక్కర్ మీద ఎన్ని వాట్లో రాస్తే బ్యాటరీ సైజు లెక్కేసి చెబుతాను.