రిపోర్టులన్నీ నార్మల్.. మరి ఈ గుండెదడ అబద్ధమా?

ప్రశ్న: నా వయసు 34. నాలుగు నెలలుగా ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, ఊపిరాడదు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఇక చచ్చిపోతాననిపిస్తుంది. రెండుసార్లు అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వెళ్లాం. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. ఇంట్లో అందరూ 'నీ భ్రమ' అంటున్నారు. అంత గట్టిగా అనిపించేది అబద్ధం ఎలా అవుతుంది డాక్టర్ గారూ?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: భ్రమేం కాదండీ. దడ నిజమే, తిమ్మిరీ నిజమే. 'గుండె ఆగిపోతోంది' అని దాన్నిబట్టి మీరు తేల్చేసుకుంటున్నారే, అక్కడే లెక్క తప్పుతోంది. అమెరికాలో మా మేనకోడలు పోపు పెడితే చాలు, స్మోక్ అలారం ఇల్లెగిరిపోయేలా మోగుతుంది. మోత నిజం, మంటలు మాత్రం లేవు.

మీరు రాసినదాన్నిబట్టి ఇవి పానిక్ అటాక్‌లు. భయపడినప్పుడు ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్ అనే హార్మోన్ పెరిగి గుండె వేగం అందుకుంటుంది, భయంతో ఎగశ్వాస తీస్తారు, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిరి, తల తేలిపోవడం మొదలవుతాయి, అవి చూసి భయం ఇంకా పెరుగుతుంది. సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, ఆ తర్వాత దానంతటదే దిగుతుంది. ఆ పది నిమిషాలు ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుసు, 'టెన్షన్ పడకు' అని చెప్పడం మాత్రం మహా తేలిక.

ఇందుకు తలకిందులుగానూ జరుగుతుంది. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో నరాలు దెబ్బతిని, గుండెపోటు వచ్చినా ఛాతీ నొప్పి తెలియకపోవచ్చు. వాళ్లకేమో 'బాగానే ఉన్నా' అనిపిస్తుంది! అందుకే మేం పేషెంటు చెప్పేది పూర్తిగా వింటాం, పరీక్షలూ చేయిస్తాం.

మళ్లీ వస్తే పారిపోకండి, కూర్చుని గాలి మెల్లగా, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలండి. కాఫీ తగ్గించండి. సైకియాట్రిస్టును కలవండి, పిచ్చోళ్ల డాక్టరని మొహమాటపడొద్దు. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే కౌన్సెలింగ్ దీనికి బాగా పనిచేస్తుంది. అందులో కావాలనే మిమ్మల్ని వేగంగా ఊపిరి తీయించి అదే తిమ్మిరి తెప్పిస్తారు, ఏమీ కాలేదని మీ ఒంటికే తెలిసేలా. మందులు అవసరమైతే పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో ఆపేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

నడిచినా, మెట్లెక్కినా ఛాతీ పట్టేసినట్టుంటే, నొప్పి చేతికో దవడకో పాకితే, స్పృహ తప్పితే మాత్రం 'పానిక్కేలే' అనుకుని ఇంట్లో కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.